సర్వీసు హోస్ట్ చేశాను, లింకు తెరుచుకోవట్లేదు: ఎక్కడ ఆగిందో కనిపెట్టడం ఎలా?

వారానికి ఒకటైనా నాకు ఇలాంటి మెసేజ్ వస్తుంది. "అన్నా, సర్వీసు హోస్ట్ చేశాను. నా ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా వస్తోంది. రాజోలులో మావయ్య ఫోన్లో రావట్లేదంట. సర్వర్ పోయిందంటావా?" అడిగేవాళ్లలో భీమవరం వైపు రొయ్యల మేత కొట్టుకి ఆర్డర్ల యాప్ చేసినవాళ్లు ఉన్నారు. అంబాజీపేట కొబ్బరి రేట్లు ఫోన్‌కి పంపే చిన్న సర్వీసు రాసుకున్నవాళ్లు, కాకినాడలో ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు పిల్లలు ఉన్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా టైప్ చేసి వేళ్లు నొప్పెట్టాయి. అందుకని ఒకేచోట రాస్తున్నాను.

శివారు చేలోకి నీళ్లు రాకపోతే మన రైతు "గోదావరి ఎండిపోయింది" అనడు. బోదెలో తుక్కు అడ్డం పడిందా, తూము తలుపు దించేశారా, పైచేలవాళ్లు అడ్డుకట్ట వేశారా, లాకుల దగ్గర ఎంత వదులుతున్నారు, ధవళేశ్వరంలో ఎంత వదిలారు అని ఒక్కో చోటా చూసుకుంటూ వెళ్తాడు. లింకు దగ్గరకొచ్చేసరికి అదే ఇంట్లో కుర్రాడు ఒక్క ముక్కలో "సర్వర్ డౌన్" అనేస్తాడు. తొంభై తొమ్మిది కారణాలున్నా ఆ ఒక్క మాటే. ఆ మాట పట్టుకుని హోస్టింగ్ వాళ్లకి ఫిర్యాదు పెడితే వాళ్లు "మా వైపు అంతా బాగానే ఉంది" అంటారు. చాలాసార్లు అది నిజమే కూడా.

లింకు తెరుచుకోవాలంటే వరసగా నాలుగు జరగాలి. పేరుకి అడ్రస్ దొరకాలి. ఆ అడ్రస్‌లో తలుపు తీసి ఉండాలి. తాళం సరిపోవాలి. లోపలి మనిషి పలకాలి. థియరీ ఇంతే. మిగతాదంతా ఈ నాలుగింట్లో ఏది ఆగిందో చూసుకోవడమే.

కావలసినవి

పూర్తి లింకు. "మన సైటు" అంటే చాలదు, మొదటి అక్షరం నుంచి చివరి గీత వరకు కావాలి.

విండోస్ 10 లేదా 11 కంప్యూటర్. వీటిలో కర్ల్, అంటే లింకుని పిలిచి వచ్చిన జవాబు చూపించే చిన్న ప్రోగ్రామ్, ముందే ఉంటుంది. లినక్స్, మ్యాక్ వాళ్లకి ఎలాగూ ఇబ్బంది లేదు. కంప్యూటర్ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్లో టెర్మక్స్ (ఫోన్లో కమాండ్లు కొట్టే యాప్) వేసుకోండి, ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచి తీసుకుంటే మంచిది.

రెండు వేర్వేరు నెట్‌లు. ఇంటి ఫైబర్ ఒకటి, ఫోన్ డేటా ఒకటి. ఇది లేకుండా మొదలుపెడితే సగం పరీక్షలు వృథా.

ఒక కాగితం. ఏ టైముకి ఏం చేశారో, ఏం వచ్చిందో రాసుకోవడానికి. నవ్వకండి, చివర్లో అదే పనికొస్తుంది.

కమాండ్ల గురించి ఒక మాట. వాటిని పలికినట్టు తెలుగులోనే రాశాను, టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడండి. పెద్ద అక్షరం కావాల్సినచోట చెప్తాను. కర్ల్ అంటే సి, యు, ఆర్, ఎల్. విండోస్‌లో పాత పవర్‌షెల్ వాడుతుంటే "కర్ల్" అనగానే అది వేరే కమాండ్‌ని పిలుస్తుంది, అందుకని "కర్ల్.ఈఎక్స్ఈ" అని పూర్తిగా కొట్టండి. లేదా మామూలు కమాండ్ ప్రాంప్ట్ వాడండి, గొడవ ఉండదు.

1. ముందు లింకుని కళ్లతో చదవండి

ఇది చెప్తే చిన్నచూపు చూస్తారు గానీ, నా దగ్గరకి వచ్చే కేసుల్లో చాలావరకు ఇక్కడే తేలిపోతాయి.

లింకులో లోకల్‌హోస్ట్ అనో, 127.0.0.1 అనో ఉందా? లోకల్‌హోస్ట్ అంటే "మా ఇంట్లో" అని. ఆ మాట మీరంటే మీ ఇల్లు, మావయ్య అంటే మావయ్య ఇల్లు. మావయ్య ఫోన్ తనలోనే ఆ సర్వీసు కోసం వెతుక్కుని, లేదని చెప్పేస్తుంది. 192.168 తోనో, 10. తోనో మొదలైతే అది మీ ఇంటి వైఫై లోపలి అడ్రస్, వీధి దాటదు.

ఇంట్లో కంప్యూటర్ మీదే సర్వీసు పెట్టి రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి పిలుపుని ఆ కంప్యూటర్‌కి పంపే సెట్టింగ్) చేసినవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ అని, రౌటర్‌కి నెట్ కంపెనీ ఇచ్చిన అడ్రస్ ఉంటుంది. దాన్ని రాసుకోండి. తర్వాత "నా ఐపీ ఎంత" అని చూపించే ఏదైనా సైటు తెరవండి. రెండూ ఒకటి కాకపోతే, ముఖ్యంగా వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, నెట్ కంపెనీ ఒకే అడ్రస్‌ని చాలా ఇళ్లకి కలిపి పంచుతోందన్నమాట. అప్పుడు మీరు రౌటర్‌లో ఎన్ని తలుపులు తీసినా బయట వీధి గేటు మీ చేతిలో లేదు. దారులు మూడు: నెట్ కంపెనీని స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే ఉండే, మారని అడ్రస్) అడగడం, మీ కంప్యూటరే లోపల్నుంచి బయటికి దారి వేసుకునే క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ లాంటిది పెట్టుకోవడం, సర్వీసుని అద్దె సర్వర్ మీదకి మార్చడం. నన్నడిగితే మూడోదే. మన వైపు వర్షాకాలం కరెంటుని నమ్ముకుని ఇంటి కంప్యూటర్ మీద ఎవరి వ్యాపారమూ పెట్టకండి.

ఇంకా చూడాల్సినవి: వాట్సాప్‌లో పంపిన లింకు చివర ఫుల్‌స్టాప్ అంటుకుపోయిందా, మధ్యలో పెద్ద అక్షరం పడిందా, హెచ్‌టీటీపీ అని ఉందా హెచ్‌టీటీపీఎస్ అని ఉందా. డొమైన్ పేరులో పెద్దా చిన్నా తేడా లేదు. దాని తర్వాత గీత దాటాక వచ్చే భాగంలో మాత్రం చాలా సర్వర్లకి తేడా ఉంటుంది.

2. మీ నెట్ ఉందో లేదో చూడండి

రోజూ చూడని సైటు ఒకటి తెరవండి. రోజూ చూసేదైతే దాచిపెట్టుకున్న పాత పేజీ చూపించి మోసం చేయొచ్చు. రీఛార్జ్ అయిపోయినప్పుడు కొన్ని నెట్‌లు ఏ లింకు కొట్టినా వాళ్ల బిల్లు పేజీకి తోస్తాయి, మన సర్వీసుకి ఎర్రర్ వచ్చినట్టు కనిపిస్తుంది. వీపీఎన్ ఉంటే ఆపండి.

కరెంటు పోయినప్పుడు ఇంకో తమాషా. ఇన్వర్టర్ మీద మన రౌటర్ లైట్లన్నీ వెలుగుతుంటాయి, వీధి చివర కేబుల్ వాళ్ల పెట్టెకి మాత్రం కరెంటు ఉండదు. వైఫై గుర్తు నిండుగా ఉన్నంత మాత్రాన నెట్ ఉన్నట్టు కాదు.

ఇప్పుడు వైఫై ఆపి ఫోన్ డేటా మీద అదే లింకు తెరవండి. రెండింట్లోనూ రాకపోతే తప్పు సర్వీసు వైపే ఉండే అవకాశం ఎక్కువ. ఒకదాంట్లో వచ్చి ఇంకోదాంట్లో రాకపోతే మూడో మెట్టు మీద ఎక్కువసేపు నిలబడండి.

3. పేరుకి అడ్రస్ దొరుకుతోందా

ఎన్ఎస్‌లుకప్ మీ-డొమైన్

ఇక్కడ డొమైన్ పేరొక్కటే ఇవ్వాలి. ముందు హెచ్‌టీటీపీఎస్ గానీ వెనక దారి గానీ పెట్టకూడదు. లింకు మొత్తం అతికించి "పేరు దొరకలేదన్నా" అని స్క్రీన్‌షాట్ పంపేవాళ్లు చాలామంది.

అడ్రస్ వస్తే, అది మీ సర్వర్ అడ్రసేనా అని హోస్టింగ్ ప్యానెల్‌తో పోల్చండి. ఏదో ఒక అడ్రస్ వచ్చింది కదా అని ముందుకెళ్లిపోకండి. "ఎన్ఎక్స్‌డొమైన్" అనో "నాన్-ఎగ్జిస్టెంట్ డొమైన్" అనో వస్తే ఆ పేరే లేదని అర్థం. స్పెల్లింగ్ తప్పయినా అయ్యుండాలి, రికార్డ్ (ఏ పేరుకి ఏ అడ్రస్సో చెప్పే నమోదు) పెట్టడం మర్చిపోయినా అయ్యుండాలి, డొమైన్ రెన్యువల్ తప్పిపోయినా అయ్యుండాలి. మూడోదైతే రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన కంపెనీ) పంపిన మెయిల్స్ స్పామ్‌లో పడి ఉంటాయి, చూడండి.

అదే ప్రశ్న ఇంకొకరిని అడగండి:

ఎన్ఎస్‌లుకప్ మీ-డొమైన్ 8.8.8.8

ఎన్ఎస్‌లుకప్ మీ-డొమైన్ 1.1.1.1

మొదటిది గూగుల్‌ది, రెండోది క్లౌడ్‌ఫ్లేర్‌ది. వీళ్లు కొత్త అడ్రస్ చెప్పి, మీ నెట్ కంపెనీ పాతది చెప్తుంటే, రికార్డ్ మార్చిన వార్త అక్కడిదాకా ఇంకా చేరలేదు. రికార్డ్‌తో పాటు టీటీఎల్ అని సెకన్లలో ఒక గడువు ఉంటుంది. 3600 అంటే గంట. ఆ గంటసేపు పాత జవాబునే గుర్తుపెట్టుకునే హక్కు వాళ్లకుంది. సర్వర్ మార్చాలనుకుంటే ముందురోజే టీటీఎల్‌ని 300కి తగ్గించుకోండి. మీ విండోస్ దాచుకున్నదాన్ని తుడిచేయడానికి "ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్" చాలు.

ఇక ఇంట్లో వస్తుంది, ఫోన్ డేటాలో రాదు అనే కేసు. ఇది నాకే తగిలింది. ఒక చెరువుల లెక్కల సర్వీసుని పాత సర్వర్ నుంచి కొత్తదానికి మార్చాను. డొమైన్‌కి "ఏ" (ఇంగ్లీషు అక్షరం) రికార్డ్ మార్చాను. నా ఇంటి ఫైబర్‌లో చక్కగా వచ్చింది, టీ తాగాను. అటుపక్క నర్సాపురం నుంచి ఫోన్లు: "ఆయ్, రావట్లేదండి, 404 అంటోందండి." రెండు రోజులు కొత్త సర్వర్‌ని అటూ ఇటూ తిప్పి చూశాను, తప్పే లేదు. చివరికి తేలిందేంటంటే, పేరుకి రెండు రికార్డ్‌లుంటాయి. పాత తరహా అడ్రస్‌కి "ఏ" రికార్డ్, ఐపీవీ6 అనే కొత్త తరహా అడ్రస్‌కి నాలుగు ఏల (ఏఏఏఏ) రికార్డ్. నేను మొదటిదే మార్చాను. మా ఫైబర్‌కి ఐపీవీ6 లేదు కాబట్టి కొత్త సర్వర్‌కి వెళ్లింది. ఫోన్ డేటాలో ఐపీవీ6 ఉంది కాబట్టి వాళ్లంతా పాత సర్వర్‌కి వెళ్లారు. పాతది చచ్చిపోయి ఉన్నా బ్రౌజర్ రెండో దారి ప్రయత్నించేదేమో. అది బతికే ఉండి "నా దగ్గర ఆ పేజీ లేదు" అని మర్యాదగా జవాబు చెప్తోంది.

కాబట్టి రెండు దార్లూ విడివిడిగా చూడండి:

కర్ల్ -4 -ఐ హెచ్‌టీటీపీఎస్://మీ-డొమైన్/

కర్ల్ -6 -ఐ హెచ్‌టీటీపీఎస్://మీ-డొమైన్/

-4 పాత తరహా, -6 కొత్తది. రెండోది పరీక్షించాలంటే మీ నెట్‌కి ఐపీవీ6 ఉండాలి, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూడండి. మీ సర్వర్ ఐపీవీ6 వాడకపోతే ఆ నాలుగు ఏల రికార్డ్‌ని తీసేయడమే శుభ్రం.

4. పింగ్

పింగ్ అంటే మెషీన్‌ని "ఉన్నావా" అని పలకరించే కమాండ్. కొడితే కొట్టండి. పలికితే మంచిదే, పలకకపోతే ఏమీ తేలనట్టే. చాలా హోస్టింగ్‌లు పింగ్‌ని కావాలనే ఆపేస్తాయి. పింగ్ రాలేదని సర్వర్ రీస్టార్ట్ చేసినవాళ్లని చూశాను. పలికినా కూడా మెషీన్ ఉందని మాత్రమే తెలుస్తుంది, మీ సర్వీసు నడుస్తోందని కాదు. ముందుకెళ్దాం.

5. తలుపు తీసి ఉందా

సర్వర్‌కున్న ఒక్కో తలుపు నంబరుని పోర్టు అంటారు. హెచ్‌టీటీపీఎస్‌కి 443, హెచ్‌టీటీపీకి 80. మీ లింకులో డొమైన్ తర్వాత కోలన్ పెట్టి 8080 లాంటి అంకె ఉంటే అదే మీ పోర్టు.

విండోస్ పవర్‌షెల్‌లో:

టెస్ట్-నెట్‌కనెక్షన్ మీ-డొమైన్ -పోర్ట్ 443

చివర్లో "టీసీపీ టెస్ట్ సక్సీడెడ్" ఎదురుగా ట్రూ అని ఉంటే తలుపు తీసి ఉంది. లినక్స్, మ్యాక్ వాళ్లు "ఎన్‌సీ -విజెడ్ మీ-డొమైన్ 443" కొట్టొచ్చు. టెర్మక్స్‌లో అది లేకపోతే కర్ల్‌కి -వి చేర్చి లింకు ఇవ్వండి, "కనెక్టెడ్ టు" అనే వరుస వచ్చిందంటే అదే రుజువు.

తెరుచుకోకపోతే ఎలా తెరుచుకోలేదన్నది ముఖ్యం. ఇక్కడ తొందరపడకండి.

వెంటనే "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని వస్తే, మెషీన్ దాకా వెళ్లారు, ఆ తలుపు దగ్గర ఎవరూ లేరు. మీ ప్రోగ్రామ్ ఆగిపోయింది, లేదా వేరే పోర్టు మీద కూర్చుంది. అరుదుగా ఫైర్‌వాల్ (ఎవరిని లోపలికి రానివ్వాలో చూసే కాపలా) కూడా ఇలా మొహం మీదే చెప్తుంది.

చాలాసేపు ఉలుకూ పలుకూ లేకుండా "టైమ్డ్ అవుట్" అని వస్తే, మీ మాట దారిలోనే ఎవరో మింగేస్తున్నారు. నూటికి ఎక్కువసార్లు ఫైర్‌వాల్. అడ్రస్ తప్పయినా, మెషీన్ ఆగిపోయినా ఇలాగే వస్తుంది.

రెఫ్యూజ్డ్ వస్తే సర్వర్ లోపలికి లాగిన్ అయి ఇది కొట్టండి:

సుడో ఎస్ఎస్ -ఎల్‌టీఎన్‌పీ

ఏ పోర్టు మీద ఏ ప్రోగ్రామ్ వింటోందో చూపిస్తుంది. మీ పోర్టు పక్కన 127.0.0.1 అని ఉంటే, అది ఇంటిలోపలి పిలుపులకే పలుకుతుంది, బయటివాళ్లకి పలకదు. లోపల్నుంచి పరీక్షిస్తే చక్కగా పనిచేస్తుంది, అందుకే మనిషి పిచ్చెక్కిపోతాడు. ముందు ఇంజినెక్స్ లాంటి, బయటి పిలుపులు అందుకునే వెబ్ సర్వర్ పెట్టుకుని అది లోపలి పోర్టుకి పంపేలా చేయడం పద్ధతి. అది లేకపోతే ప్రోగ్రామ్ సెట్టింగ్‌లో 0.0.0.0 మీద వినమనాలి. డాకర్‌లో పెట్టినవాళ్లు కంటైనర్ లోపల కూడా ఇదే చూసుకోవాలి. బయటి పోర్టుని లోపలి పోర్టుకి కలిపే -పి మర్చిపోయారేమో కూడా చూడండి.

టైమవుట్ వస్తే తలుపులు రెండున్నాయని గుర్తుంచుకోండి. హోస్టింగ్ ప్యానెల్‌లో సెక్యూరిటీ గ్రూప్ అనో నెట్‌వర్క్ ఫైర్‌వాల్ అనో ఒకటి ఉంటుంది. సర్వర్ లోపల యూఎఫ్‌డబ్ల్యూ లాంటిది ఇంకోటి. లాకు తీసి తూము మూసేస్తే చేలోకి నీళ్లు రావు. రెండూ తీయాలి.

హెచ్చరిక: "ఒకసారి మొత్తం ఫైర్‌వాల్ ఆపేసి చూస్తాను" అనకండి. ఆపినవాళ్లు మళ్లీ పెట్టడం మర్చిపోతారు. మీకు కావలసింది 443, 80 మాత్రమే. డేటాబేస్ పోర్టులు, అంటే మైఎస్‌క్యూఎల్ 3306, పోస్ట్‌గ్రెస్ 5432, ప్రపంచానికి తెరవనే తెరవకండి. డాకర్ -పి తో బయటపెట్టిన పోర్టు యూఎఫ్‌డబ్ల్యూలో మూసేసినా తెరిచే ఉంటుంది, చాలామందికి ఈ సంగతి తెలియదు.

6. తాళం సరిపోతోందా

కర్ల్ -వి హెచ్‌టీటీపీఎస్://మీ-డొమైన్/

నక్షత్రం గుర్తుతో మొదలయ్యే వరుసల్లో సర్టిఫికెట్ (ఈ సర్వర్ ఆ డొమైన్‌దేనని చెప్పే పత్రం) సంగతి కనిపించొచ్చు. విండోస్ కర్ల్ ఆ వివరాలు అంతగా చూపించదు, అప్పుడు బ్రౌజర్‌లో అడ్రస్ పక్కన గుర్తు నొక్కి తేదీలు చూడండి.

మామూలుగా వచ్చే తప్పులు ఇవి. గడువు అయిపోవడం: లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత సర్టిఫికెట్ మామూలుగా 90 రోజులది. దానంతటదే రెన్యువల్ అయ్యేలా పెట్టుకుంటారు, తర్వాత ఎవరో "మనం హెచ్‌టీటీపీ వాడట్లేదు కదా" అని పోర్టు 80 మూసేస్తారు. రెన్యువల్ ఆ పోర్టు మీద ఆధారపడి ఉంటే అక్కడే ఆగిపోతుంది. గడువు దగ్గర పడుతోందని లెట్స్ ఎన్‌క్రిప్ట్ పంపే మెయిల్స్ కూడా 2025 జూన్ నుంచి ఆగిపోయాయి. మీరే చూసుకోవాలి.

పేరు సరిపోకపోవడం: మూడు డబ్ల్యూలున్న పేరుకి సర్టిఫికెట్ తీసుకుని, అవి లేని పేరుతో లింకు పంచడం.

మధ్య సర్టిఫికెట్ (మీ సర్టిఫికెట్‌ని బ్రౌజర్ నమ్మే సంస్థతో కలిపే లంకె) పెట్టకపోవడం: ఇది దొంగ తప్పు. కంప్యూటర్ బ్రౌజర్ చాలాసార్లు ఆ లోటుని తానే పూడ్చుకుంటుంది. లినక్స్ కర్ల్, ఆండ్రాయిడ్ యాప్ పూడ్చుకోవు. "బ్రౌజర్‌లో వస్తోంది, యాప్‌లో రావట్లేదు" అంటే నేను మొదట ఇదే అనుమానిస్తాను. సర్వర్ సెట్టింగ్‌లో ఫుల్‌చెయిన్ ఫైలు ఇచ్చారా, ఒట్టి సర్టిఫికెట్ ఫైలు ఇచ్చారా చూడండి.

ఇవన్నీ బాగుండి ఒక్క కంప్యూటర్‌లోనే తిట్టుకుంటుంటే దాని గడియారం చూడండి. బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటర్ తేదీ ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది.

హెచ్చరిక: -కె పెడితే కర్ల్ సర్టిఫికెట్ తప్పులు పట్టించుకోదు. తప్పు తాళం దగ్గరేనా అని తేల్చుకోవడానికి ఒక్కసారి వాడుకోండి. యాప్ కోడ్‌లో దానికి సమానమైనది రాసి "పనిచేసింది" అని పంపేస్తే మాత్రం, దారిలో ఎవడైనా మీ సర్వర్ వేషం వేసుకుని కూర్చోవచ్చు.

7. లోపలి మనిషి ఏమన్నాడు

కర్ల్ -ఐ --కనెక్ట్-టైమవుట్ 5 --మ్యాక్స్-టైమ్ 60 హెచ్‌టీటీపీఎస్://మీ-డొమైన్/హెల్త్

హెల్త్ దారి సంగతి కింద చెప్తాను, అది లేకపోతే మీ సర్వీసులో ఉన్న దారి ఏదైనా ఇవ్వండి. ఇక్కడ ఐ చిన్న అక్షరమే. పెద్ద ఐ పెడితే కర్ల్ పేజీ అడక్కుండా జవాబు పైభాగం (హెడర్లు) మాత్రమే అడుగుతుంది. కొన్ని సర్వీసులు దానికి 405 అంటాయి, లేనిపోని టెన్షన్.

మొదటి వరుసలో మూడంకెల సంఖ్య చూడండి. ఏ సంఖ్య వచ్చినా, ఎవరో పలికారన్నమాట. 401, 403, 404, 405 చూసి "అందట్లేదు" అనకండి, అందింది. 401 అంటే లాగిన్ వివరాలు కావాలి, 403 అంటే మీకు అనుమతి లేదు, 404 అంటే ఆ దారి లేదు, 405 అంటే అడిగే పద్ధతి తప్పు. పోస్ట్ చేయాల్సిన, అంటే వివరాలు పంపాల్సిన లింకుని బ్రౌజర్‌లో తెరిస్తే 405 రావడం సహజం.

502 వస్తే ముందున్న ఇంజినెక్స్ బతికుంది, దాని వెనక మీ ప్రోగ్రామ్ పడిపోయింది. 504 వస్తే వెనకవాడు ఉన్నాడు గానీ టైముకి జవాబివ్వలేదు, డేటాబేస్ దగ్గర నీల్గుతున్నాడేమో చూడండి. 503 అయితే తాత్కాలికంగా చేతులెత్తేశాడు. 500 అయితే మీ కోడ్, లాగ్ తెరవండి. ఈ మెట్టు దాకా వచ్చాక నెట్‌ని తిట్టుకోవద్దు.

301, 302 వస్తే ఇంకో చోటికి పొమ్మంటోంది. -ఎల్ పెడితే (పెద్ద ఎల్) కర్ల్ వెంటపడి వెళ్తుంది. పోస్ట్ చేసేవాళ్లకి ఇక్కడ గుంట ఉంది: హెచ్‌టీటీపీ లింకుకి పోస్ట్ చేస్తే, 301 పడి, చాలా ప్రోగ్రామ్‌లు రెండోసారి గెట్‌గా, అంటే ఒట్టిగా పేజీ అడగడంగా మార్చేస్తాయి. పంపిన ఆర్డర్ గాలిలో కలిసిపోతుంది. యాప్‌లో మొదటి నుంచే హెచ్‌టీటీపీఎస్ లింకు రాయండి.

200 వచ్చిందా? "అంతా బాగుంది" అని దానర్థం, అయినా ఆగండి. కింద వచ్చిన మాటలు చదవండి. 200 కింద "డేటాబేస్ కనెక్షన్ ఫెయిల్డ్" అని రాసి పంపే సర్వీసులున్నాయి. హోస్టింగ్ వాళ్ల "త్వరలో వస్తుంది" పేజీ కూడా 200తోనే వస్తుంది. అందుకే మీ సర్వీసులో హెల్త్ అనే చిన్న దారి ఒకటి పెట్టుకోండి. అది డేటాబేస్‌ని ఒక్కసారి పలకరించి, బాగుంటే ఒక గుర్తుమాట ఇవ్వాలి. ఆ మాట ఉందా లేదా అన్నదే మీ పరీక్ష.

ఉచిత ప్లాన్ మీద పెట్టినవాళ్లకి: కాసేపు ఎవరూ పిలవకపోతే చాలా ఉచిత హోస్టింగ్‌లు సర్వీసుని నిద్రపుచ్చుతాయి. మొదటి పిలుపుకి నిమిషం దాకా పట్టొచ్చు. అందుకే పైన 60 సెకన్లు ఇచ్చాను. మొదటిసారి ఆలస్యమై రెండోసారి చటుక్కున వస్తే నిద్రే కారణం.

పాత సోప్ (ఎస్ఓఏపీ అనే పాత పద్ధతి) సర్వీసులైతే లింకు చివర ప్రశ్నార్థకం పెట్టి డబ్ల్యూఎస్‌డీఎల్ అని కొట్టండి, అది సర్వీసు వివరాలు చెప్పే పేజీ. పేజీ వస్తే సరిపోదు, అందులో రాసిన అడ్రస్ బయటి పేరేనా, సర్వర్ లోపలి మెషీన్ పేరా చూడండి. లోపలి పేరుంటే పేజీ అందరికీ వస్తుంది, సర్వీసు ఎవరికీ అందదు.

కర్ల్ అసలేమీ తేకుండా ఆగిపోతే, ఎర్రర్‌లో బ్రాకెట్ల మధ్య ఇచ్చే అంకె మీకు మెట్టు చెప్పేస్తుంది. 6 అయితే పేరు దొరకలేదు, మూడో మెట్టు. 7 అయితే కనెక్షన్ కుదరలేదు, అయిదో మెట్టు. 28 అయితే టైమవుట్, మొదట అయిదు, తర్వాత ఏడు చూడండి. 35, 60 అయితే తాళం గొడవ, ఆరో మెట్టు. ఈ అంకెలు గోడమీద రాసుకున్నా తప్పులేదు.

8. కర్ల్‌లో వస్తోంది, యాప్‌లో రావట్లేదు

అయితే సర్వర్ అందుతోంది. వేరేచోట వెతకాలి.

వెబ్ పేజీ నుంచి పిలుస్తుంటే బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి కన్సోల్ చూడండి. "కోర్స్" (సి, ఓ, ఆర్, ఎస్) అనే మాట ఎర్రగా కనిపిస్తే, మీ పేజీ ఒక డొమైన్, సర్వీసు ఇంకో డొమైన్ కావడంతో బ్రౌజర్ అడ్డుకుంటోంది. కర్ల్‌కి ఆ పట్టింపు లేదు. అనుమతి ఇవ్వాల్సింది సర్వర్ వైపే. హెచ్‌టీటీపీఎస్ పేజీ నుంచి హెచ్‌టీటీపీ సర్వీసుని పిలిచినా బ్రౌజర్ ఒప్పుకోదు.

ఆండ్రాయిడ్ యాప్ అయితే, ఆండ్రాయిడ్ 9 వెర్షన్‌కి తయారుచేసినప్పటి నుంచి హెచ్‌టీటీపీ లింకులు డిఫాల్ట్‌గా మూసే ఉంటాయి. ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో నడిచే నకిలీ ఫోన్‌లో) లోకల్‌హోస్ట్ అంటే ఎమ్యులేటరే. మీ కంప్యూటర్‌ని పిలవాలంటే 10.0.2.2 రాయాలి.

9. రోజూ చూసే పని మెషీన్‌కి అప్పజెప్పండి

అయిదు నిమిషాలకోసారి హెల్త్ లింకుని పిలిచి, గుర్తుమాట లేకపోతే మెసేజ్ పంపేలా క్రాన్‌లో (చెప్పిన టైముకి పని నడిపే లినక్స్ సదుపాయంలో) పెట్టుకోవచ్చు. టైము వరుస ఇలా ఉంటుంది: */5 * * * *. దాన్ని అదే సర్వర్ మీద పెట్టకండి. సర్వర్ పడిపోతే కావలివాడూ దాంతోపాటే పడిపోతాడు. ఒక్కసారి తప్పగానే మెసేజ్ వద్దు, వరసగా రెండుసార్లు తప్పితే పంపమనండి. లేకపోతే ఈదురుగాలి కొట్టిన రాత్రి మీకు నిద్ర ఉండదు.

10. హోస్టింగ్ వాళ్లకి ఏమని రాయాలి

ముందు వాళ్ల స్టేటస్ పేజీ చూడండి. అక్కడేమీ లేకపోతే, మీ కాగితం ముందు పెట్టుకుని ఇలా రాయండి:

"మా సర్వర్ ఐపీ ఇది. ఈరోజు మధ్యాహ్నం 2:10కి ఇంటి ఫైబర్ నుంచీ, మొబైల్ డేటా నుంచీ చూశాను. పేరు సరైన ఐపీకే వెళ్తోంది. పోర్టు 22 తెరుచుకుంటోంది, 443 టైమవుట్ అవుతోంది. సర్వర్ లోపల 443 మీద ఇంజినెక్స్ అన్ని అడ్రస్‌లకీ వింటోంది, లోపల్నుంచి కర్ల్ కొడితే 200 వస్తోంది. లోపలి ఫైర్‌వాల్‌లో 443 తెరిచే ఉంది. నిన్న సాయంత్రం 6 దాకా బాగానే ఉంది, ఆ తర్వాత మేమేమీ మార్చలేదు. మీ నెట్‌వర్క్ ఫైర్‌వాల్ చూడగలరా?"

ఇలా రాస్తే "రీస్టార్ట్ చేసి చూడండి" అనే జవాబుకి తావుండదు. పాస్‌వర్డ్‌లు, టోకెన్లు మాత్రం అందులో పెట్టకండి. కర్ల్ -వి ఇచ్చిన వరుసలు అతికించేటప్పుడు ఆథరైజేషన్ అని ఉన్న వరుస తుడిచేయండి.

వాళ్లు సరిచేశామన్నాక మీ ఇంటి వైఫైలో చూసి సంబరపడొద్దు. రాజోలు మావయ్యకి ఫోన్ చేయండి. వైఫై ఆపమనండి, డేటా మీద, బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి లింకు కొత్తగా కొట్టమనండి. వచ్చిన పేజీ స్క్రీన్‌షాట్ పంపమనండి. అందులో మీ గుర్తుమాట కనిపించాక కాగితం మీద టైము వేసుకుని పక్కన టిక్ పెట్టుకోండి.